అప్పు లేని ఆస్తి, ఆస్తి లేని అప్పు

ఈ సంచికకు మేము రాస్తామని ఒప్పుకున్నది మొన్నటి ఇండియా ప్రయాణం కబుర్లు. అవి రాయడానికే కూర్చున్నాము. కాని ఆ ప్రయాణంలో చూసిన రెండు కాగితాలు మమ్మల్ని వేరే దారి పట్టించాయి. సంఘం పత్రికలో ఇంత బరువైన సంగతి ఏమిటని విసుక్కోకుండా చివరిదాకా చదవవలసిందిగా పాఠకులకు మనవి.

సంగతి మా మనవరాలి ప్రశ్నతో మొదలయింది. మెల్‌బోర్న్‌లో పదో తరగతి చదువుతున్న ఆ పిల్ల చరిత్ర పాఠం కోసం అమెరికాలోని బానిసత్వం మీద వ్యాసం రాస్తూ, ఒక రాత్రి భోజనాల దగ్గర "తాతయ్యా, మన వాళ్ళ దగ్గర కూడా ఇలాంటి మనుషులు ఉండేవారా?" అని అడిగింది. మేమిద్దరం ఒక్క గొంతుతో "లేరమ్మా, మన దేశంలో బానిసలు ఎక్కడున్నారు? పనివాళ్ళు ఉండేవాళ్ళు. ఇంట్లో మనిషిలాగే చూసుకునేవాళ్ళం" అన్నాము. ఆ పిల్ల తల ఊపి అన్నం తినేసింది. అంత తొందరగా జవాబు ఎందుకు చెప్పామా అని ఆ తర్వాత మాకే అనిపించింది.

ఆమె రాసుకున్న వివరాలు మేమూ చదివాము. అమెరికా అంతర్యుద్ధానికి ముందు దక్షిణాది కుటుంబాల ఆస్తిలో మనిషి ఒక వాటా. వర్జీనియాలో 1662లో చేసిన శాసనం ప్రకారం బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే; అంటే పశువుల మందలాగా ఆస్తి తనంతట తానే పెరుగుతుంది. అక్కడే 1705లో వారసత్వం విషయంలో బానిసలను భూమితో సమానంగా, స్థిరాస్తిగా లెక్కకట్టారు. జార్జి వాషింగ్టన్ 1799లో చనిపోయే నాటికి ఆయన ఎస్టేటులో మూడువందల పైచిలుకు బానిసలున్నారు. వారిలో తన సొంతమైన 123 మందికి, భార్య తదనంతరం స్వేచ్ఛ ఇవ్వాలని ఆయన విల్లు రాశాడు. మరో 153 మంది భార్యకు ఆమె మొదటి భర్త ఆస్తి నుంచి సంక్రమించినవారు. వాళ్ళను విడిపించే హక్కు ఆయనకూ లేదు, ఆమెకూ లేదు. వాళ్ళు ఆమె మనుమలకు పంపకమై వెళ్ళిపోయారు. ఈ రెండు రకాలవాళ్ళూ ఒకరినొకరు పెళ్ళాడి ఉన్నారు. కాబట్టి ఒకే గుడిసెలో మొగుడికి స్వేచ్ఛ, పెళ్ళాం బిడ్డలు ఎవరి వాటాకో.

తర్వాత రోజుల్లో గొప్ప వక్త అయిన ఫ్రెడరిక్ డగ్లస్, 1845లో అచ్చయిన తన ఆత్మకథలో, యజమాని చనిపోయినప్పుడు తనను పంపకాలకోసం వెనక్కి పిలిపించిన సంగతి రాశాడు. అప్పుడతను చిన్నపిల్లవాడు. గుర్రాలు, గొర్రెలు, పందులు, ముసలివాళ్ళు, పసివాళ్ళు – అందరికీ ఒకేచోట వెల కట్టారట. యజమాని బ్రతికున్నంత కాలం దెబ్బలకు భయపడినవాళ్ళు అతని చావుకు ఇంకా ఎక్కువ భయపడేవారు. చావు తర్వాత పంపకాలు వస్తాయి, పంపకాల్లో తల్లి ఒక వాటాకూ బిడ్డ ఒక వాటాకూ పోవచ్చు.

ఇదంతా చదివి "అయ్యో" అనుకున్నాము. ఆ పై నెలలో ఊరికి వెళ్ళాము.

మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరు. తండ్రిగారి భూమి అన్నదమ్ముల మధ్య ఇంకా పంచుకోలేదు. ఇప్పుడు ఆ దగ్గరగా పెద్ద రోడ్డు పడింది, భూమికి ధర వచ్చింది. పెద్దన్నయ్య ఫోను చేసి, మీరు కూడా వచ్చి సంతకాలు పెడితే అమ్మేద్దామన్నారు. పాత దస్తావేజుల కోసం అటక మీది రేకుపెట్టె దింపాము. పహాణీ నకళ్ళు, శిస్తు రసీదుల మధ్య మా తాతగారూ వారి తమ్ముడూ 1944లో వేరుపడ్డప్పుడు రాసుకున్న పంపకాల జాబితా దొరికింది. ఉర్దూ మాటలు కలిసిన తెలుగు. మోటబావి ఇద్దరికీ ఉమ్మడి. కోడెల జత పెద్ద వాటాకు, పాడిబర్రెలు చిన్న వాటాకు. ఇత్తడి గంగాళాలు, చింతచెట్ల కాపులో సగం సగం. ఆ కిందనే ఇంకొక పంక్తి – జీతగాని బాకీ, నూట ఇరవై హాలీ రూపాయలు, పెద్ద వాటాకు.

కోస్తా జిల్లాల వారు పాలేరు అనే మనిషినే మా వైపు జీతగాడు అంటారు. నిజాం రాజ్యంలో కాగితాల మీద భాగేలా అనే మాట ఉండేది. పెళ్ళికో, చావు ఖర్చుకో, కరువులో గింజలకో దొర దగ్గర అప్పు తీసుకుంటాడు. ఆ అప్పు తీరేవరకు పగలూ రాత్రీ చాకిరీ చేస్తాడు. చాకిరీ వడ్డీ కింద పోతుంది, అసలు అసలుగానే ఉంటుంది. నిజాం ప్రభుత్వం దాన్ని కట్టడి చేస్తూ శాసనం చేసినా పల్లెల్లో అది కాగితం దాటి నడవలేదు.

రెండో కాగితం 1958 నాటిది. ఆ జీతగాడు చనిపోయాడు, బాకీ రెండువందల పది అయింది, అది తీర్చే పూచీ కొడుకుది అని రాసి ఉంది. కింద వేలిముద్ర. చిన్న వేలిముద్ర. "వాడికప్పుడు పదేళ్ళుంటాయేమో, నాకంటే రెండేళ్ళు పెద్ద" అన్నారు అన్నయ్య. ఆ పిల్లవాడు మాకు తెలుసు. మాలో ఒకరిని భుజాల మీద కూర్చోబెట్టుకుని, వాగు దాటించి బడి గుమ్మం దగ్గర దింపి, మళ్ళీ పశువుల దగ్గరకు పరుగెత్తినవాడు అతనే. బడి లోపల ఏముంటుందో అతనెన్నడూ చూడలేదు.

మేము ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాము. మనిషిని పంచుకోవడం తప్పని 1944లో మా తాతగారికీ తెలుసు. అందుకే మనిషిని పంచలేదు, మనిషి బాకీని పంచారు. ఏ వాటాకు బాకీ పోయిందో ఆ వాటాకే మనిషీ నడిచి వెళ్ళాడు.

మన దేశంలో బానిసలు లేరన్న మాట మన ధర్మశాస్త్రాలు తెలిసిన వారెవరూ అనలేరు. మనుధర్మశాస్త్రం చెప్పిన ఏడు రకాల దాసుల్లో పైత్రికుడు ఒకడు – తండ్రి నుంచి సంక్రమించినవాడు. నారదస్మృతి పదిహేను రకాలు చెప్పి, వాటిలో దాయంగా వచ్చినవాణ్ణి విడిగా లెక్కపెట్టింది. అన్నదమ్ములకు ఒకే దాసి ఉంటే ఏం చేయాలన్న ప్రశ్నకు బృహస్పతి జవాబు చెప్పాడు: వాటాల ప్రకారం వంతులవారీగా ఒక్కొక్క ఇంట్లో పని చేయించుకోవాలి. తెలుగునాట ఆస్తి పంపకాలకు ప్రమాణమైన మితాక్షరలో, విజ్ఞానేశ్వరుడు విభాగానికి రాని వస్తువుల గురించి చర్చిస్తూ ఇదే ఏర్పాటును సమర్థించాడు. పదమూడో శతాబ్దంలోనే కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. మన పూర్వులు ఎంతో సూక్ష్మంగా ఆలోచించారని మనం గర్వపడతాము. ఈ విషయంలో కూడా సూక్ష్మంగానే ఆలోచించారు.

బ్రిటిషు పార్లమెంటు 1833లో తన వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసినప్పుడు ఈస్టిండియా కంపెనీ భూములను మినహాయించింది. యజమానులకు నష్టపరిహారంగా రెండు కోట్ల పౌన్లు ఇచ్చింది, విడుదలైనవారికి పైసా ఇవ్వలేదు. ఆ పరిహారం లెక్కల్లో కనిపించే పేర్లలో దక్షిణ ఆస్ట్రేలియా స్థాపకుల్లో ఒకడైన జార్జ్ ఫైఫ్ ఆంగస్ పేరూ ఉంది. అడిలైడ్‌లోని మిత్రులు ఆయన పేరిట ఉన్న వీధిలో నడిచే ఉంటారు. ఇండియాకు 1843లో అయిదో చట్టం వచ్చింది. మనిషి మీద యాజమాన్య హక్కును ఏ కోర్టూ అమలు చేయకూడదన్నది. దానిలోనే ఇంకొక మంచి మాట ఉంది: ఒకడు బానిస అనిగాని, బానిస సంతానమనిగాని చెప్పి అతనికి వారసత్వంగా వచ్చిన ఆస్తిని లాక్కోకూడదు. ఆస్తిగా ఉన్నవాడు ఆస్తికి వారసుడు కావచ్చునని చట్టం ఒప్పుకున్నది ఇక్కడ. కాని వారసుడు కావడానికి ఆస్తి ఉండాలి కదా. జీతగాని కొడుక్కి తండ్రి నుంచి వచ్చింది బాకీ ఒక్కటే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఈ కిటుకును పట్టుకుంది. వెట్టి అంటే ఏమిటో నిర్వచిస్తూ, వారసత్వంగా మీదపడిన బాధ్యత వల్ల చేసే చాకిరీని కూడా అది పేరుపెట్టి చెప్పింది. అలాంటి బాకీలన్నీ చెల్లిపోయినట్టే అన్నది. ఆ సంవత్సరమే మా జీతగాడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. వెట్టిలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి. చేతిలో ఏమీ లేదు.

ఇంతవరకూ చెప్పింది మాలో ఒకరి పుట్టింటి కథ. రెండోవారిది కూడా చెప్పకపోతే న్యాయం కాదు.

మా పూజగదిలో ఒక వెండి కుంకుమ భరిణె ఉంది. అది మాలో ఒకరి అమ్మమ్మ కాపురానికి వస్తూ తెచ్చుకున్నది. ఆవిడ తన సారె జాబితా పాటలాగా చెప్పేది – పందిరిమంచం, వెండి భరిణె, పాడియావులు రెండు, ఒక పిల్ల. గడుల్లో పుట్టి పెరిగిన ఆడపిల్లతో బాటు ఒక పనిపిల్లను పంపడం తెలంగాణలో దొరల ఇళ్ళ ఆచారం. వాళ్ళను ఆడబాపలు అనేవారు. పుచ్చలపల్లి సుందరయ్యగారు తెలంగాణ పోరాటం మీద 1972లో ప్రచురించిన పుస్తకంలో, వెట్టి రూపాలన్నిటిలోకీ హీనమైనది ఇదేనన్నట్టుగా రాశారు. ఆ పిల్లకు పెళ్ళి లేదు, సంసారం లేదు. ఇంటి మగవాళ్ళ నుంచి ఆమెకు రక్షణ కూడా లేదు. ఇంతకంటే విప్పి చెప్పనక్కరలేదనుకుంటాము. అమ్మమ్మగారు చెప్పే జాబితాలో ఆవులకు పేర్లున్నాయి. ఆ పిల్లకు మాత్రం పేరు లేదు. ఇంట్లో అందరూ "బాపా" అనే పిలిచేవారు. అసలు పేరు అడగాలని మాకు తోచేనాటికి చెప్పగలిగినవాళ్ళెవరూ మిగల్లేదు.

మనం వచ్చి స్థిరపడ్డ ఈ దేశానికీ ఇటువంటి కథ ఉంది. 2020 జూన్‌లో అప్పటి ప్రధాని స్కాట్ మారిసన్ రేడియోలో ఆస్ట్రేలియాలో బానిసత్వం లేదన్నారు. విమర్శలు రాగా మర్నాడే క్షమాపణ చెప్పుకున్నారు. మా మనవరాలికి మేము చెప్పిన జవాబే ఆయనా చెప్పారు. ఎవరింటి సంగతి వారికి అలాగే కనిపిస్తుంది కాబోలు. 1863 నుంచి నలభై ఏళ్ళపాటు క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకు పసిఫిక్ దీవుల నుంచి సుమారు 62,000 ఒప్పందాల మీద కూలీలను తెచ్చారు. కొందరిని మోసపుచ్చి, కొందరిని బలవంతంగా ఎత్తుకొచ్చారు. దాదాపు పదిహేను వేల మంది ఇక్కడే చనిపోయారు. చనిపోయినవారి జీతం బాకీలు దీవుల్లో ఉన్న ఆలుబిడ్డలకు చేరాలి. చేరింది కొద్ది భాగమే. మిగిలింది ప్రభుత్వం ఒక నిధిలో వేసుకుంది. 1901లో శ్వేత ఆస్ట్రేలియా చట్టాలు వచ్చాక బతికున్న వేలాది కూలీలను తిప్పి పంపినప్పుడు, ఆ ఖర్చుకు కూడా చచ్చినవారి జీతాల సొమ్ము వాడారని చరిత్రకారుడు క్లైవ్ మూర్ పరిశోధన చెబుతున్నది. అంటే తండ్రి కష్టార్జితం బిడ్డకు అందకపోగా, తోటివాణ్ణి తరిమే ఓడకు టిక్కెట్టయింది.

ఆదివాసుల కథ ఇంకా దగ్గరిది. 1897 చట్టం కింద క్వీన్స్‌లాండ్‌లో వాళ్ళ జీతాలు ప్రొటెక్టర్లనే అధికారుల చేతుల్లోకి పోయేవి. హాన్స్ పియర్సన్ అనే పెద్దాయన ముందు నిలబడి నడిపిన దావాలో 2019లో క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 19 కోట్ల డాలర్లకు రాజీపడింది. పశ్చిమ ఆస్ట్రేలియా 2023లో అటువంటి రాజీకే వచ్చింది. క్వీన్స్‌లాండ్ రాజీలో చనిపోయిన పనివాళ్ళ భార్యాబిడ్డలకూ వాటా ఉంది. పోయినవాడి జీతం బాకీ వారసులకు చెల్లుతుందని ఈ దేశం కొంచెంగానైనా, ఆలస్యంగానైనా ఒప్పుకున్నది.

మరి మా సంగతి? పెద్దన్నయ్యతో రెండు రాత్రులు మాట్లాడాము. ఆయన వాదనలు తేలికగా కొట్టిపారేయగలిగినవి కావు. ఆ పని చేసింది మనం కాదు. ఆ కాలంలో అందరూ చేసిందే మన పెద్దలూ చేశారు. నాన్న దుర్మార్గుడు కాదు, జీతగాని భార్యకు జబ్బు చేస్తే బండి కట్టించి తానే ఆసుపత్రికి తీసుకువెళ్ళాడు. వాళ్ళెవరూ ఏమీ అడగలేదు. "దానం చేస్తానంటే చెయ్యండి, నేనూ తలా కొంత వేస్తాను. అప్పు అనొద్దు. అప్పు అంటే నాన్నను దొంగను చేసినట్టే" అన్నారు. ఆయన గొంతు వణికింది. నాన్నగారి మీద మాకున్న ప్రేమ ఆయనకున్నదానికంటే తక్కువేమీ కాదు.

మాకు తోచిన జవాబు ఇది. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనేది సామెత. పెద్దల గొప్పలు చెప్పుకునేవాళ్ళను ఎగతాళి చేయడానికి వాడతాము. కాని తాతల నెయ్యి నిజంగానే మన మూతులకు అంటింది. జీతగాని చాకిరీతో పండిన పంట మా కాలేజీ ఫీజయింది, ఆ డిగ్రీ 1988లో మా వీసా అయింది. అతను మా చదువు మోసింది భుజాల మీద మాత్రమే కాదని ఇప్పుడు తెలుస్తున్నది. తప్పు వారసత్వంగా రాదని మేమూ ఒప్పుకుంటాము. తాత చేసిన పనికి మనుమణ్ణి శిక్షించమని ఏ ధర్మమూ చెప్పదు. అప్పు మాత్రం వస్తుంది. ఇది పరాయి దేశపు నీతి కాదు. కొడుకు వడ్డీతో సహా, మనుమడు అసలు వరకు, పెద్దల అప్పు తీర్చాలని మన స్మృతులే చెప్పాయి. 2005లో హిందూ వారసత్వ చట్టానికి చేసిన సవరణ, ఆ తర్వాత చేసే అప్పుల విషయంలో ఈ పుత్రధర్మాన్ని కోర్టులు అమలు చేయకుండా ఆపింది. కోర్టు అడగనంత మాత్రాన ఋణం తీరినట్టేనా? మన ఇళ్ళలో ఆబ్దికం పెట్టమని కూడా ఏ కోర్టూ అడగదు.

ఆ ధర్మాన్ని మేమెంత వంకరగా పాటించామో చూడండి. ఆ పదేళ్ళ పిల్లవాడి చేత అసలూ వడ్డీ రెండూ కట్టించాము. మా మటుకు అప్పు లేని ఆస్తి తీసుకున్నాము, అతనికి ఆస్తి లేని అప్పు ఇచ్చాము. ఇక దానమా, అప్పా అన్న పేచీ మాటల పేచీ మాత్రమే అనిపించదు. దానమిస్తే ఇచ్చినవాడి చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకున్నవాడు దండం పెట్టాలి. అప్పు తీరిస్తే తలవంచవలసింది తీర్చేవాడు, అదీ ఆలస్యానికి.

అతను చనిపోయి కొన్నేళ్ళయింది. కూతురు హైదరాబాదు శివార్లలో ఉందని తెలిసి వెతుక్కుంటూ వెళ్ళాము. ఒక పాఠశాలలో వంట చేస్తుంది. కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. కుర్చీలు వేసి చాయ్ ఇచ్చింది. మేము చెప్పదలుచుకున్నది ముందే కూడబలుక్కుని వెళ్ళినా, తడబడుతూ చెప్పాము. ఆమె సంతోషించలేదు, కోప్పడలేదు. "మీరిచ్చేది పిలగాన్ని అడిగి చెప్త సారూ" అన్నది. తర్వాత ఆ కాగితం చూపించమని అడిగి, వేలిముద్ర మీద తన వేలు ఆనించి చూసుకుంది. "ఇది మాకియ్యరాదమ్మా? మా నాయన ఫోటో సుత లేదు మాకాడ" అన్నది.

తిరిగి వచ్చి అన్నయ్యకు చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "కాగితం ఇచ్చెయ్యండి. నకలు తీసి పెట్టెలో ఉంచండి, మన పిల్లలు చూడాలి" అన్నారు. భూమి విషయంలో ఆయన ఒప్పుకోలేదు. మా వాటాలో మూడో వంతు ఆ తల్లీకొడుకుల పేర రాయించే ఏర్పాటు మేము చేశాము. ఆ పిల్లవాడు, అప్పు కింద అయితే తీసుకుంటామని, దానం కింద అయితే వద్దని కబురు పంపాడు. మూడో వంతే ఎందుకు, సగం ఎందుకు కాదు అని పాఠకులు అడిగితే మా దగ్గర జవాబు లేదు. రెండు తరాల చాకిరీకి లెక్క కట్టబోయి, చేతకాక, మనసుకు తోచింది చేశాము. తక్కువే అయి ఉంటుంది. కుంకుమ భరిణె విషయంలో ఆమాత్రం కూడా చేయలేము; ఎవరికి ఇవ్వాలో తెలియదు. పేరు తెలియని అప్పులవాళ్ళకు అప్పు ఎలా తీర్చడమన్న ప్రశ్న ఒకటి మాకు మిగిలింది.

మెల్‌బోర్న్ చేరిన వారం మనవరాలిని కూర్చోబెట్టుకుని, ఆ రోజు నీకు తప్పు జవాబు చెప్పామమ్మా అన్నాము. మొత్తం విని, "మరి ఆ అమ్మాయి పేరేంటి నానమ్మా?" అని అడిగింది. తెలియదని చెప్పాము. ఇప్పుడు పూజగదిలో భరిణె తీసినప్పుడల్లా ఆ పిల్లే ముందు అంటుంది, "బాపమ్మకి కూడా" అని.

మనలో చాలామందికి ఊళ్ళో ఇంకా పంచుకోని భూములున్నాయి, విప్పని రేకుపెట్టెలున్నాయి. ఈసారి సంతకాలకోసం వెళ్ళినప్పుడు భూమి కాగితాల కింద ఉన్నవి కూడా ఒకసారి చదవండి. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే, ఆ పనివాళ్ళ పేర్లు ఇప్పుడే అడిగి రాసి పెట్టుకోండి. మేము అడగడం ఆలస్యం చేశాము.